భీమిలిలో నా వాటా

పద్నాలుగేళ్ళు విశాఖ ఎంవీపీ కాలనీలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. ఎదురు ఫ్లాట్ వాళ్ళ ఇంటిపేరు నాకు తెలిసింది వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయే రోజున, లారీలోకి ఎక్కిస్తున్న బీరువా మీద అంటించిన చీటీ చూసి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ పగలంతా ఆ గోడల మధ్యే ఉంటోంది. నేను పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరివో కంపెనీల లెక్కలు చూస్తూ ఉంటాను. ఇంట్లో రోజంతా మాట్లాడేది టీవీ ఒక్కటే.

"ఎక్కడికైనా వెళ్ళి ఉందామా అమ్మా?" అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "భీమిలి" అంది. మా తాతగారు అక్కడ మూడేళ్ళు బడిపంతులుగా చేశారట. అప్పుడు అమ్మకి ఏడో ఎనిమిదో ఏళ్ళు. ఆమెకి గుర్తున్నవి రెండే: గంటస్తంభం, తెల్లవారుజామున ఇసకలో పరిగెత్తే చిన్న చిన్న పీతలు.

భీమిలి, అంటే భీమునిపట్నం, దీవి కాదు. కానీ అక్కడ ఉన్నవాళ్ళకి అది దీవిలాగే ఉంటుంది. ముందు సముద్రం, ఓ పక్క గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే చోటు, వెనక పావురాలకొండ. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు దాటి వస్తే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఆదివారం సాయంత్రం చూడటానికి వచ్చిన కార్లన్నీ విశాఖ వైపు తిరిగిపోతాయి. విశాఖ నుంచి వచ్చే 900కే నంబరు సిటీ బస్సులు కూడా ఆగిపోయాక ఊరు తన మనుషులతో తాను మిగులుతుంది. ఆ మిగిలిన మనుషుల్లో మేమూ కలవడానికి దాదాపు ఏడాది పట్టింది. దాని గురించే రాస్తున్నాను.

ముందు ఇల్లు. ఫోన్‌లో వెతికినంత కాలం నాకు దొరికినవి రిసార్టులు, విల్లాలే. మూడు ఆదివారాలు వెళ్ళి తిరిగాను. మూడో వారం టీ కొట్టు దగ్గర నిలబడి అడిగితే, టీ పోస్తున్న ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకమ్మా?" అన్నారు. ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఏ పనీ ముందుకు కదలదు. తాతగారి సంగతి చెప్పాను. ఆయనకి తాతగారు తెలియదు, తెలిసే వయసూ కాదు. అయినా, "పంతులుగారి మనవరాలా!" అని కొట్టు కుర్రాడికి అప్పగించి, నాతో పాటు రెండు వీధులు నడిచి వచ్చి ఒక పెంకుటింటి ముందు దింపారు. సముద్రానికి మూడు వీధుల ఇవతల, రెండు గదులు, వంటిల్లు, వీధిలోకి అరుగు. పక్క వాటాలో ఇంటావిడ ఉంటారు. ఆవిడ నన్ను అడిగిన మొదటి మాట, "చేపలు తింటారు కదా?"

ఎంవీపీ కాలనీలో ఇల్లు వెతికినప్పుడు నీచు తింటామంటే గుమ్మం దగ్గర్నుంచే పంపేసిన వాళ్ళున్నారు. అందుకే ఈ ప్రశ్నకి భయపడుతూ తింటామని చెప్పాను. "అయితే ఉండండి. తినకపోతే ఈ వీధిలో వాసనకి ఆగలేరు" అన్నారు. అంతే, అగ్రిమెంట్ కాగితం కూడా ఆవిడ అడగలేదు, నేనే రాయించాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి సామాన్లతో దిగిపోయాం.

మొదటి నెల కష్టంగా గడిచింది. ఉప్పుగాలికి ఏ వస్తువూ నిలవదు. గ్యాస్ పొయ్యి కాళ్ళకి పదిహేను రోజుల్లో తుప్పు పట్టింది. మీటింగ్ మధ్యలో కరెంటు పోయేది. అమ్మ మోకాళ్ళ డాక్టరు విశాఖలోనే ఉన్నారు, చూపించుకోవాలంటే ఒక పూట పోతుంది. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ప్రశ్నలు. జీతం ఎంత, ఆయన ఏరి, పిల్లలెందరు. నాకు నలభయ్యారేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. విశాఖలో ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. ఇక్కడ కూరగాయలమ్మి దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరికీ చెప్పాల్సి వచ్చింది. రెండు మూడుసార్లు ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను కూడా. తర్వాత ఒకరోజు ఆ ప్రశ్న ఆగిపోయింది. జవాబు వీధంతా చేరింది, అందరూ దాన్ని ఒప్పేసుకున్నారు. ఆ తర్వాత ఇప్పటి వరకూ ఎవరూ దాన్ని నాకు గుర్తు చెయ్యలేదు.

చేపల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను ఈ ఊరిని నేర్చుకున్నది చేపల గంప దగ్గరే.

రోజూ ఎనిమిది గంటలకి ఒక అప్ప (ఇటువైపు అక్కని అలాగే పిలుస్తారు) తల మీద గంపతో మా వీధిలోకి వస్తుంది. యాభై దాటిన మనిషి, నడుం నిటారుగా ఉంటుంది. వచ్చిన మూడో రోజున మా అరుగు మీద గంప దించింది. నెత్తళ్ళు వాటాలుగా పేర్చి, "వాటా వందమ్మా. పచ్చివి, ఇప్పుడే ఒడ్డుకొచ్చేయి" అంది. నేను రైతుబజార్ అలవాటుతో యాభైకి అడిగాను. ఎనభై అంది. నేను అరవై దగ్గరే ఆగాను. అవి నిన్నటి చేపలేమో అన్నట్టు ఒక మాట కూడా అన్నాను, బేరం కోసం. అప్ప ఏమీ అనలేదు. గంప మీద గుడ్డ కప్పి, "లే, ఇవి నీకు కాదులే తల్లీ" అని ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మా గుమ్మం దగ్గర ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు.

అమ్మ అంది: "ఆవిడ చేపని పాతదన్నావు. మనిషిని అన్నట్టే అది."

అయిదో రోజు నేనే తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్ళాను, అప్ప కనిపిస్తే క్షమించమని అడుగుదామని. అప్పటిదాకా నేను సముద్రం చూడటానికి వెళ్ళడమే తప్ప, ఒడ్డున ఏం జరుగుతుందో చూడలేదు. వెలుగు రాకముందే ఆడవాళ్ళందరూ గంపలతో వచ్చి కూర్చుని ఉన్నారు. పడవలు ఒక్కొక్కటీ అలల మీద నుంచి ఇసకలోకి వస్తున్నాయి. వలలోంచి చేపలు విడిపించి కుప్పలు పోస్తున్నారు. ప్రతి కుప్పకీ అక్కడే వేలంపాట. ఒకాయన ధర పలుకుతుంటే ఆడవాళ్ళు పెంచుకుంటూ పోతారు. మాటకంటే వేగంగా కళ్ళతో బేరం జరిగిపోతుంది. అప్ప ఆ రోజు కానాగంతల కుప్ప ఒకటి పాడింది. పాట డబ్బు, ఐసు డబ్బు, ఎక్కువ సరుకుంటే ఆటో డబ్బు, ఇవన్నీ పోను మా అరుగు మీద వాటా వందకి అమ్మితే ఆమెకి మిగిలేది ఎంతో నేను అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. లెక్కలే కదా నా పని. నేను తగ్గించమన్న నలభై రూపాయల్లో ఆమె ఆ రోజు కూలి మొత్తం ఉంది.

దగ్గరికి వెళ్ళి, "తప్పుగా మాట్లాడేనప్పా" అన్నాను. ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. ఒక కానాగంతని చేతికిచ్చి, "మొప్ప ఎత్తి సూడు" అంది. ఎర్రగా ఉంది. "ఎర్రగుంటే పచ్చిది. గోధుమరంగు తిరిగితే నిన్నటిది. కన్ను సూడు, ఉబ్బెత్తుగా మెరవాల. లోపలికి పోయి తెల్లబడితే ఒద్దు. ఏలుతో నొక్కు. గుంట పడి ఉండిపోతే అది నేను అమ్మినా కొనకు."

అలా మొదలైంది చదువు. నెత్తళ్ళకి కత్తిపీట అక్కర్లేదని, వేళ్ళతో తల గిల్లి లాగితే పేగు దానితోనే వచ్చేస్తుందని చూపించింది. కవళ్ళలో ముళ్ళెక్కువ, అయినా ఇగురు పెడితే ఆ రుచి కోనెంకి కూడా రాదని చెప్పింది. అది నిజం. కోనెం ఖరీదైంది కాబట్టి గొప్పదనుకునేదాన్ని, ఇప్పుడు చేతిలో డబ్బులున్నా కవళ్ళే కొంటాను. పచ్చిసొర్ర దొరికితే బాలింతలున్న ఇళ్ళకి ముందు చెప్పాలని, పాలు పడతాయని తన గంపలో విడిగా దాస్తుంది. ఏ వీధిలో ఎవరికి పురుడొచ్చిందో ఆమెకి తెలుసు.

వేసవిలో పుల్లమామిడికాయ వేసి నెత్తళ్ళ పులుసు అమ్మ మట్టిదాకలో పెట్టేది. రాత్రి పెట్టిన పులుసు మర్నాడు పొద్దున్న చద్దన్నంలో తినాలి. దీన్ని ఏ హోటల్లోనూ పెట్టరు, పెట్టినా ఆ రుచి రాదు, ఎందుకంటే రాత్రంతా ఆ పులుపు చేపలోకి దిగాలి.

ఈలోగా అమ్మ నా కంటే ముందుగా ఊళ్ళో కలిసిపోయింది. ఆమె చేసిందల్లా అరుగు మీద కూర్చోవడమే. పొద్దున్న ఏడింటికి కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చునేది. బడికెళ్ళే పిల్లలకి జడ సరిచేసేది. నెల తిరిగేసరికి వీధికంతటికీ "మామ్మగారు" అయిపోయింది. పక్కింటి కోడలు ఆఫీసుకెళ్తూ తాళంచెవి మామ్మగారికిచ్చి వెళ్ళేది. కొరియర్ కుర్రాడు వీధిలో అందరి పార్సిళ్ళూ మా అరుగు మీదే పెట్టేవాడు.

మాఘ పౌర్ణమికి ముందురోజు ఇంటావిడ వచ్చి, "ఇవాళ రాత్రి గేటు తాళం వెయ్యొద్దు" అన్నారు. సముద్రస్నానానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, విజయనగరం వైపు నుంచి జనం రాత్రే వచ్చేస్తారు. ఎవరి అరుగు ఖాళీగా ఉంటే వాళ్ళ అరుగు మీద నడుం వాలుస్తారు. నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇంటి గుమ్మం ముందు పడుకోవడమేమిటని. రాత్రి రెండింటికి కిటికీలోంచి చూస్తే అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు. ఇద్దరు ముసలమ్మలు, చంటిపిల్లతో ఒక జంట, మిగతా వాళ్ళు పిల్లలు. అమ్మ లేచి దుప్పటి తీసుకెళ్ళి చంటిపిల్లకి కప్పింది. తెల్లారేసరికి వాళ్ళు అరుగు ఊడ్చి, నీళ్ళు చల్లి, చిన్న ముగ్గు కూడా వేసి వెళ్ళిపోయారు. ఎవరో మాకు తెలియదు. దుప్పటి చక్కగా మడిచి గడప మీద పెట్టారు.

ఇక అమ్మకి జ్వరం వచ్చిన రోజు. మార్చి నెలాఖరు. పొద్దున్న లేవలేకపోయింది. నేను మాత్ర వేసి పడుకోబెట్టి, ఆఫీసు పనికి కూర్చున్నాను. ఏడుంపావుకి టీ కొట్టు కుర్రాడు వచ్చాడు, "మామ్మగారు బయటకి రాలేదేటి?" అని. ఎనిమిదింటికి అప్ప గంపతో లోపలికే వచ్చేసి అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కాసేపటికి ఇంటావిడ మిరియాల చారు తెచ్చారు. పదయ్యేసరికి బడిలో ఉండాల్సిన ఒక పిల్ల గుమ్మంలో నిలబడింది, టీచర్‌తో మామ్మగారికి బాగోలేదని చెప్పి వచ్చిందట, ఆ బడి టీచర్ కూడా మా వీధి మనిషే. మధ్యాహ్నానికి ఎవరో ఆర్ఎంపీ గారిని పిలిచారు, నేను పిలవలేదు. ఆయన చూసి, సాయంత్రానికి తగ్గకపోతే విశాఖ తీసుకెళ్ళమన్నారు. వెళ్ళాల్సి వస్తే తన ఆటో బయటే పెడతానని మూడిళ్ళ అవతల అబ్బాయి వచ్చి చెప్పి వెళ్ళాడు. రాత్రి పదకొండు దాకా ఆ ఆటో మా గేటు ముందే ఉంది. జ్వరం తగ్గిందని నేను చెప్పాకే తీశాడు.

ఎంవీపీ కాలనీలో అమ్మ రెండురోజులు గది దాటి రాకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. తెలియడానికి అక్కడ అరుగు లేదు.

ఏప్రిల్ 15న వేట ఆగింది. తూర్పుతీరంలో ప్రతి ఏడూ ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజన్ పడవలు సముద్రం మీదకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఇంజన్ లేని తెప్పలకి నిషేధం లేదు. విశాఖలో ఉన్నప్పుడు ఇది నాకు పేపర్లో వార్త. ఇక్కడ వీధి మొత్తం మారిపోయింది. మగవాళ్ళు పగలు చెట్ల కింద వలలు పరుచుకుని చిరుగులు కుట్టుకుంటున్నారు. పడవలు బోర్లించి రంగులేస్తున్నారు. కిరాణా కొట్లో అప్పు పుస్తకం లావెక్కింది. అప్ప గంపలో పచ్చిచేపల స్థానంలో ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేప వచ్చాయి. వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి వండుకోవడం ఆ రెండు నెలల కూర.

అప్పుడు మొదటిసారి ఊరికి నాతో పని పడింది. నిషేధ కాలానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకి భృతి ఇస్తుంది. దానికి పేరు జాబితాలో ఉండాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిసి ఉండాలి. అప్ప తన పాస్‌పుస్తకం తెచ్చి, "ఇది సూడమ్మా, ఏటో కుదరడం లేదంటన్నారు" అంది. చూస్తే ఆధార్‌లో పేరు ఒకలా, పాస్‌పుస్తకంలో ఒకలా ఉంది. ఒక్క అక్షరం తేడా. అర్జీ రాసి, కాగితాలు జత చేసి, ఆమెతో పాటు రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి పని అయింది. ఆ వారం నుంచి సాయంత్రం అయిదు దాటాక మా అరుగు మీద నలుగురైదుగురు పాస్‌పుస్తకాలతో కూర్చునేవాళ్ళు. కొందరికి రాయడం రాదు, కొందరికి వచ్చు కానీ ఆ ఫారాల భాష అర్థం కాదు. "లబ్ధిదారు ధ్రువీకరణ" అంటే ఏమిటో ఒక పెద్దాయనకి చెబుతుంటే, ఈ మాటని ఇంత కష్టం చెయ్యడం ఎవరికి అవసరమో అని నాకు నిజంగా కోపం వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా కంపెనీల లెక్కలు రాస్తున్నాను. నా చేతిరాత వల్ల ఒక ఇంట్లో కిరాణా బాకీ తీరడం అప్పుడే చూశాను.

డబ్బులు తీసుకోనని చెప్పాను. తీసుకోలేదు కూడా. కానీ తాటిముంజలు, జీడిమామిడి పళ్ళు, ఒకరోజు సగం పనసకాయ అరుగు మీదకి వచ్చాయి. వద్దనడం నేర్చుకోలేదు, నేర్చుకోకూడదని కూడా ఇంటావిడే చెప్పారు: "నువ్వు చేసినదానికి వాళ్ళు ఏదో ఒకటి పెట్టుకోవాలి కదమ్మా. నువ్వు తీసుకోకపోతే మళ్ళీ నీ దగ్గరికి ఎలా వస్తారు?"

ఖాళీగా ఉన్న ఆ రెండు నెలల్లోనే నేను ఊరు తిరిగి చూశాను. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వ్యాపారం చేసిన చోటు ఇది. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, రాళ్ళ మీద అక్షరాలు సగం ఉప్పుగాలికి అరిగిపోయాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఓడలు దూరంగా లంగరేసుకుంటే పడవల్లో సరుకు మోసిన రేవు. 1933లో విశాఖలో హార్బరు మొదలయ్యాక ఇక్కడి సందడి తగ్గిపోయింది, ఇప్పుడు ఊరు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది. నాతో వచ్చిన వీధి పిల్లలు ఆ సమాధుల గోడ పక్కనే క్రికెట్ ఆడుకుంటారు. గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఇసక తిన్నె మీద కూర్చుంటే, ఓ పక్క నీళ్ళు తియ్యగా, ఇంకో పక్క ఉప్పగా ఉండటం పిల్లలే నాకు నాలిక మీద వేసి చూపించారు. అనంతగిరి కొండల్లో బొర్రా దగ్గర పుట్టి, తాటిపూడి రిజర్వాయరులో కాస్త విశాఖ కుళాయిల కోసం ఆగి, మిగిలింది ఇక్కడికి వస్తుంది ఆ నది. పద్నాలుగేళ్ళు నేను తాగిన నీళ్ళ చివరి మజిలీ చూడటం నాకు చాలా బాగా అనిపించింది.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక పడవలు కదిలాయి. ముందు గంగమ్మ తల్లికి పసుపు కుంకుమ, కొబ్బరికాయ. ప్రతి పడవకీ ముందుభాగంలో పసుపు రాశారు. వీధిలో ఎవరూ నిద్రపోలేదు. అప్ప కొడుకు వెళ్ళిన పడవ తెల్లారి తిరిగొచ్చేదాకా ఆమె ఒడ్డునే కూర్చుంది, ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. ఏమీ మాట్లాడుకోలేదు.

అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. భీమునిపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెప్పకముందే మా వీధి మగవాళ్ళు పడవల్ని ఇసకలోంచి పైకి, రోడ్డు దాకా లాక్కొచ్చేశారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ గురించి చెప్పని మనిషి లేడు ఇక్కడ. పైకప్పులు ఎగిరిపోవడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం, పాల ప్యాకెట్ కోసం పడిన పాట్లు. ఈసారి గాలి వేరే వైపు తిరిగింది. కానీ ఆ రెండు రాత్రులు సముద్రానికి దగ్గరగా ఉన్న మూడు కుటుంబాలు మా ఇంట్లో పడుకున్నాయి. ఉన్న రెండు గదుల్లో పదిహేనుమందిమి. పెద్ద గిన్నెలో పప్పుచారు, అప్పడాలు. అమ్మ పిల్లలకి మా తాతగారి కథలు చెప్పింది, వాటిలో కొన్ని నేను కూడా ఎప్పుడూ వినలేదు.

డిసెంబరులో, సముద్రం శాంతంగా ఉన్న ఒక పొద్దున, పెద్దవల లాగుతున్నారని తెలిసి ఒడ్డుకి వెళ్ళాను. ఇది పాత పద్ధతి. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వలని తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వదులుతూ తిరిగొచ్చి, రెండో కొస ఇంకొంచెం దూరంలో ఒడ్డుకి చేరుస్తారు. ఆ తర్వాత రెండు జట్లు రెండు తాళ్ళూ పట్టుకుని లాగుతాయి. లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. వల మధ్యలో సంచిలాంటి భాగం ఉంటుంది, చేపలన్నీ చివరికి అందులోకి చేరతాయి. రెండు గంటలకి తక్కువ పట్టదు.

నేను చూస్తూ నిలబడ్డాను. ఎడమవైపు జట్టులో మనుషులు తక్కువగా ఉన్నారు. అప్ప కూడా లాగుతోంది. తల తిప్పి నన్ను చూసి, "నిలబడి సూస్తావేటి? పట్టు" అంది. చెప్పులు విడిచి, చున్నీ నడుముకి చుట్టుకుని, ఆమె వెనక తాడు పట్టుకున్నాను. మొదటి పది నిమిషాలకే అరచేతులు మండిపోయాయి. "సేత్తో లాగకు, ఒల్లంతా ఎనక్కి ఒంచు" అని ముందు నుంచి ఎవరో అరిచారు. హైలెస్సా అని ముందువాళ్ళు అంటే వెనకవాళ్ళు అందుకుంటారు, ఆ మాటకి అందరి కాళ్ళూ ఒకేసారి ఇసకలో దిగుతాయి. కాసేపటికి నేను విడిగా లాగుతున్నట్టు అనిపించలేదు. నా బరువు ముందు మనిషి బరువులో కలిసింది. వెనక కొసకి చేరిన మనిషి తాడు వదిలి మళ్ళీ ముందుకి, నీళ్ళ అంచుకి వెళ్ళి పట్టుకుంటాడు. అలా నేనూ ఎన్నిసార్లు ముందుకి వెళ్ళానో లెక్కపెట్టలేదు.

వల ఒడ్డుకి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. సంచి ఇసక మీదకి రాగానే వెండిలా ఒక్కసారి అంతా కదిలింది. కానాగంతలు, కవళ్ళు, పారలు, కొన్ని చిన్న పీతలు. గొప్ప వేట కాదన్నారు, కానీ తీసెయ్యదగ్గదీ కాదు. వల యజమానికి, పడవకి పోయే భాగం పక్కన పెట్టి, మిగిలింది ఇసక మీద వాటాలు వేశారు. నేను చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు నడిచాను.

"ఏటమ్మా, ఎళిపోతున్నావు?" అని వాటాలు వేస్తున్న పెద్దాయన పిలిచారు. నిషేధం రోజుల్లో "ధ్రువీకరణ" గురించి అడిగిన పెద్దాయనే. "నీ వాటా ఎవులు తీసుకుంటారు?"

నేను వద్దనలేదు. గిన్నె తేలేదు కాబట్టి చున్నీ కొంగు పట్టాను. ఏడు కానాగంతలు, గుప్పెడు కవళ్ళు, ఒక పీత. వేరేవాళ్ళ వాటాలో ఎంత ఉందో నా వాటాలోనూ అంతే ఉంది, నేను చూశాను. అప్ప మొప్పలు ఎత్తి చూపించబోయి, ఆగి, "నీకు తెలుసు కదా" అంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీదే ఉంది. కొంగు విప్పి చూపించాను. ఎంతకి కొన్నావని అడిగింది. కొనలేదని, తాడు లాగానని చెప్పి అరచేతులు చూపించాను. అమ్మ నా చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది, బొబ్బల చుట్టూ వేలితో రాసింది. తర్వాత లోపలికి వెళ్ళి మూడు పళ్ళేలు తెచ్చింది. ఇంటావిడకి రెండు కానాగంతలు, మూడిళ్ళ అవతల ఆటో అబ్బాయికి రెండు, పీత టీ కొట్టు కుర్రాడికి, వాడికి ఇష్టమట.

"ముందు ఇవి ఇచ్చి రా" అంది. "నేను ఈలోగా దాక పొయ్యి మీద పెడతాను."